తేదీల వరుసలో గాయాలు

2005 మార్చి 6, ఆదివారం, ఉదయం 7 గంటల 20 నిమిషాలకు షార్జా పారిశ్రామిక ప్రాంతంలో స్టూడియోగా మార్చిన ఒక గోదాములో మొదటి షాట్‌కు క్లాప్ కొట్టారు. అది పన్నెండు భాగాల టెలివిజన్ సీరియల్. ఇంగ్లీషులో తీసి కింద అరబ్బీ అక్షరాలు వేయాలన్నది ఏర్పాటు. మొత్తం ఇరవై ఒక్క పనిదినాలు అనుకున్నారు. అందులో నేను స్క్రిప్ట్ సూపర్‌వైజర్‌ని. 1974లో మద్రాసు స్టూడియోలో టైపిస్టుగా చేరి ఈ పని నేర్చుకున్న రోజుల్లో దీన్ని మేం 'కంటిన్యుటీ' అనేవాళ్లం.

ఈ పని గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. కథ నడిచే వరుసలో షూటింగ్ జరగదు. ఎవరి డేట్లు ఎప్పుడు దొరికితే, ఏ సెట్ ఎప్పుడు సిద్ధమైతే ఆ సీను ముందు తీస్తారు. తలుపు బయట నిలబడ్డ మనిషిని ఇవాళ తీసి, అదే మనిషి తలుపు దాటి లోపలికి రావడం పన్నెండు రోజుల తర్వాత తీయవచ్చు. చొక్కా గుండీ, చేతిలో గ్లాసు, చెవి వెనక జుట్టు రెండుసార్లూ ఒకేలా ఉండాలి. అలా ఉండేటట్టు చూడటమే నా పని. దానికి నా దగ్గర మూడు సాధనాలుండేవి. ఒకటి స్టాప్‌వాచ్. రెండోది నొక్కగానే ఫొటో బయటకొచ్చే కెమెరా. మూడోది లాగ్‌బుక్. ఏ నటి ఎన్ని గంటలకు సెట్ మీదికి వచ్చింది, ఎన్ని టేకులు, ఒక్కొక్కటి ఎన్ని సెకన్లు, ఎన్ని గంటలకు వెళ్లింది అన్నీ అందులో రాయాలి. ఫొటో అంచున తేదీ, గంట రాయాలి. ఇవి రూల్స్. ప్రతి పుట అడుగున మొత్తం కూడి తర్వాతి పుటకు ఎక్కించడం మాత్రం రూలు కాదు, నా అలవాటు.

సీరియల్‌లో ముఖ్యపాత్ర ఒక కెమిస్ట్రీ టీచరు. భర్త ఆమెను కొడతాడు. ఆమె ఇల్లు విడిచిపెట్టి తిరిగి ఉద్యోగంలో చేరుతుంది. ఆ పాత్రకు న్యూయార్క్ నుంచి నస్రీన్ అనే నటిని పిలిపించారు. పుట్టింది షీరాజ్‌లో. 1983లో పందొమ్మిదేళ్ల వయసులో ఇరాన్ విడిచి అమెరికా చేరింది. వచ్చేనాటికి ఆమెకు నలభై ఒకటి, నాకు యాభై రెండు.

మేకప్‌కు రోజూ గంటా పది నిమిషాలు పట్టేది. మేకప్ చేసేది కడప ఖాదర్ బాషా. నేను ఎదురుగా కూర్చుని కొలతలు రాసుకునేదాన్ని. ఆ గంటలోనే నస్రీన్ తన సంగతులు చెప్పేది. రంగస్థలం మీద పద్నాలుగు నాటకాలు, ఆరింటిలో ముఖ్యపాత్ర. టెలివిజన్‌లో పదకొండు పాత్రలు, ఎనిమిదింటికి పేరు లేదు. 'రెండవ తల్లి', 'బందీ భార్య', 'చెక్‌పోస్టు దగ్గర స్త్రీ'. 2001 తర్వాత పిలుపులు పెరిగాయి, పాత్రలు మాత్రం మారలేదు. తలకు గుడ్డ కట్టుకుని ఏడవడం. ఏడుపుకు తనను మించినవాళ్లు లేరని పేరొచ్చిందట.

ఇది విని ఖాదర్ నాతో తెలుగులో అన్నాడు. నన్ను ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాడు. "చెప్పు ఆపా ఆయమ్మకు. నేనూ మద్రాసులో ఏడు సినిమాల్లో యాక్ట్ చేసినా. అన్నిట్లో 'జనంలో మనిషే'. ఒగ దాంట్లో మాత్రం 'జనంలో గొడుగున్న మనిషి'. అది ప్రమోషన్."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆమె నవ్వితే బుగ్గ మీద అప్పుడే వేసిన రంగు చెదిరింది. ఖాదర్ మళ్లీ మొదలుపెట్టాడు. ఆ రోజు తొమ్మిది నిమిషాలు ఆలస్యమైంది. కారణం కూడా రాశాను.

ఇంటి పేరు, ఉద్యోగం, సొంత అభిప్రాయాలూ ఉన్న పాత్ర టెలివిజన్‌లో ఆమెకు ఇదే మొదటిది. అయినా ఆమె ఇంత దూరం వచ్చింది పాత్ర కోసమే కాదు, తల్లి కోసం. తల్లి అమెరికా వీసాకు రెండుసార్లు అడిగితే రెండుసార్లూ ఇవ్వలేదు. నస్రీన్ ఆడిన నాటకాల్లో రెండు అక్కడి ప్రభుత్వ పెద్దలకు నచ్చనివి కావడంతో, ఇరాన్ వెళ్తే తిరిగి రాగలనన్న నమ్మకం ఆమెకు లేదు. ఇద్దరూ సులువుగా రాగలిగిన దగ్గరి చోటు మా దుబాయ్, షార్జాలే. షీరాజ్ నుంచి విమానంలో గంటకు కాస్త పైన. తల్లి 13వ తేదీన వస్తుంది, ఏప్రిల్ 9 దాకా ఉంటుంది. మధ్యలో వాళ్ల కొత్త సంవత్సరం నౌరోజ్. ఇరవై రెండేళ్ల తర్వాత ఇద్దరూ కలిసి చేసుకునే మొదటి నౌరోజ్.

చిక్కు ఒక్కటే. కూతురు నటి అని తల్లికి తెలియదు. 1986లో తండ్రి ఫోన్‌లో, నాటకాల్లోకి వెళ్తే నాకు కూతురు లేనట్టేనన్నాడు. మానేశాను, లైబ్రరీలో పనిచేస్తున్నాను అని ఆమె చెప్పింది. 1999లో తండ్రి పోయినా ఆ అబద్ధం అలాగే ఉండిపోయింది. శుక్రవారం, 18వ తేదీన, సెలవు రోజు తల్లిని కూర్చోబెట్టి అంతా చెబుతానని నస్రీన్ నాతో అంది. అప్పటిదాకా తల్లిని యూనిట్ వాళ్లున్న హోటల్లో ఉంచడానికి వీల్లేదు కదా. నేను షార్జాలోనే రోలా అనేచోట రెండు గదుల ఫ్లాటులో ఉండేదాన్ని. మావారు అబూధాబీ దగ్గర మఫ్రఖ్‌లో స్టోర్‌కీపరు, గురువారం సాయంత్రం మాత్రమే వచ్చేవారు. తల్లీకూతుళ్లకు ఒక గది ఇస్తానన్నాను.

మార్చి 13 సాయంత్రం 4:50కి తల్లి విమానాశ్రయంలో బయటికొచ్చింది. చిన్న మనిషి, నల్ల కోటు, చేతిలో గుడ్డసంచి. తల్లి కూతురి ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని నుదుటి నుంచి గడ్డం దాకా తడిమి చూసింది. పళ్లు కూడా చూసింది. మా డ్రైవరు గంగారాం, జగిత్యాల మనిషి, బండి ఇంజన్ ఆపి పక్కకు తిరిగి నిలబడ్డాడు.

ఆమెను అందరం ఖానుమ్, అంటే అమ్మగారు, అని పిలిచేవాళ్లం. నా ఉర్దూ, ఆమె ఫార్సీ సగం సగం కలిసేవి. నేను నస్రీన్ లైబ్రరీకి సంబంధించిన ఉద్యోగినిననీ, ఇద్దరం ఇక్కడి శాఖలో పని మీద ఉన్నామనీ చెప్పాం. లైబ్రరీలో ఎన్ని పుస్తకాలున్నాయని ఖానుమ్ నన్ను అడిగింది. నేను "చాలా" అన్నాను. అంకె లేకుండా నేను చెప్పిన జవాబు అదొక్కటేనని అనుకుంటాను.

ఖానుమ్ మరునాడే గోధుమలు నానబోసింది. నౌరోజ్ నాటికి ఒక పళ్లెంలో పచ్చగా మొలిచి ఉండాలట. మన పెళ్లి పందిళ్ల దగ్గర పాలికల్లో నవధాన్యాలు మొలిపించినట్టే. వాళ్ల కొత్త సంవత్సరం అర్ధరాత్రి మొదలుకాదు. సూర్యుడు సరిగ్గా భూమధ్యరేఖ దాటే నిమిషానికి మొదలవుతుంది. ఆ సంవత్సరం మా గడియారాల ప్రకారం 20వ తేదీ సాయంత్రం 4:33. అలాంటి పండుగ నాకు వెంటనే నచ్చింది. ఆ రోజు నస్రీన్ పని మూడింటికి ముగిసేలా షెడ్యూల్ మార్పించాను.

ఇప్పుడు రెండు తప్పుల గురించి చెప్పాలి. రెండూ ముందే జరిగిపోయాయి.

మొదటిది కంపెనీది. నస్రీన్ అమెరికా పాస్‌పోర్టు మీద విజిట్‌కు వచ్చింది. పని చేయాలంటే కంపెనీ విడిగా తాత్కాలిక అనుమతి తీసుకోవాలి. మా మేనేజరును అందరూ ముదీర్ అనేవాళ్లు. ఆయన, మూడు వారాల పనికి పర్మిట్ వచ్చేలోపు పనే ఖలాస్ అవుతుందని దాన్ని పక్కన పెట్టాడు. కాల్ షీటు అంటే ఎవరు ఎన్ని గంటలకు రావాలో రోజూ పంచే కాగితం. అందులో నస్రీన్ పేరు వద్దు, పాత్ర పేరు రాయండి అన్నాడు. కాల్ షీటు కంపెనీది కాబట్టి రాశాను. లాగ్‌బుక్‌లో కూడా అలాగే రాయమన్నాడు. నేను రాయనన్నాను. నా పుస్తకంలో ఉన్న మనిషి పేరే ఉంటుందన్నాను. అప్పుడు ఆ మాటకు కొంచెం గర్వపడ్డాను కూడా.

రెండోది నాది. ఫొటోల ఆల్బమ్ స్టూడియో దాటకూడదు. 15వ తేదీ మంగళవారం ఆలస్యమైందని, విడి ఫొటోలు అంటించడానికి ఆల్బమ్ ఇంటికి తెచ్చాను. భోజనానికి ముందు వంటింటి బల్ల మీద అంటించి, పళ్లేలుండే బీరువా కింది అరలో పెట్టాను. బుధవారం ఉదయం మర్చిపోయాను. ముప్ఫై ఏళ్లలో అదే మొదటిసారి.

ఆ ఆల్బమ్‌లో ఏముందో చెబితే తప్ప తర్వాత జరిగింది అర్థం కాదు. దెబ్బ తగిలిన చర్మం రంగులు మారుతుంది. మొదట ఎరుపు, తర్వాత నీలం, ఆ తర్వాత ఆకుపచ్చ, చివరికి పసుపు. ఖాదర్ దీన్ని ఐదు దశలుగా విడగొట్టాడు. ఒకటో దశ పచ్చి గాయం, ఐదో దశ మానిన మచ్చ. కొట్టే భర్తగా వేసే నటుడి డేట్లు రెండోవారంలోనే దొరికాయి. అందుకని మానిన గాయాలతో ఆమె బడిలో పాఠం చెప్పే సీన్లు ముందు తీశాం. 6వ తేదీ ఉదయం 6:05కి రంగు వేయకముందు ఒక శుభ్రమైన ముఖం ఫొటో తీశాను. ఆ తర్వాత 6, 7 తేదీల్లో ఐదో దశ. 8, 9 తేదీల్లో నాలుగు. 10, 12 తేదీల్లో మూడు. 13, 14 తేదీల్లో రెండు. 15న ఒకటి. పెదవి చిట్లి, కన్ను మూసుకుపోయి, గడ్డం మీద రక్తం. కథలో ఆ ఆడమనిషి కోలుకుంటోంది. తేదీల వరుసలో చూస్తే రోజురోజుకూ ఎక్కువ దెబ్బలు తింటోంది. నేను అంటించింది తేదీల వరుసలోనే. ప్రతిదాని అంచునా తేదీ, గంట, నస్రీన్ పేరు, దశ అంకె. మొత్తం ఎనభై ఏడు ఫొటోలు.

ఇంకొకటి. జిగురుతో అంటించిన గాయం ఊడదీసినప్పుడు చర్మం కాస్త కందుతుంది. మంగళవారం సాయంత్రం నస్రీన్ దవడ కింద రూపాయంత ఎర్రమచ్చ ఉంది. ఖానుమ్ అది చూసింది. ఎండ పడలేదు అంది కూతురు. తల్లి దోసకాయ చెక్కు తెచ్చి మచ్చ మీద పెట్టి, అది జారకుండా పావుగంట చేత్తో పట్టుకుని కూర్చుంది.

బుధవారం, 16వ తేదీ. ఉదయం 5:40కి మేమిద్దరం వ్యాన్ ఎక్కాం. గంగారాం అద్దంలోంచి చూసి, "అమ్మా, పెద్దమ్మ కిటికీల నిలవడ్డది. చెయ్యన్న ఊపుండ్రి" అన్నాడు. నస్రీన్ చెయ్యి ఊపింది.

తర్వాతి సంగతి మా కింది కొట్టాయన చెప్పగా తెలిసింది. ఆయన కూడా ఇరాన్ వాడే, బియ్యం, ఎండుపళ్లు అమ్మేవాడు. మొలకల కోసం పెద్ద పళ్లెం వెతుకుతూ ఖానుమ్ బీరువా తీసింది. తొమ్మిదింటికి ఆల్బమ్ చంకలో పెట్టుకుని చెప్పులు లేకుండా మెట్లు దిగి కొట్టుకు వచ్చింది. తేదీలు చదివించుకుంది. ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి అని దిగిపోతున్న అంకెలు చూసి, ఇంక మిగిలింది సున్నా, ఇవాళ చంపేస్తారు అందట. కొట్టాయన షట్టర్ దించి ఆమెను పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లాడు. ఆల్బమ్ అట్ట మీద కంపెనీ ముద్ర, చిరునామా ఉన్నాయి.

11:05. స్టూడియో తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది, అంటే లోపల టేక్ నడుస్తోంది, ఎవరూ రాకూడదు. సీను వంటగదిది. భర్త చెయ్యి ఎత్తాడు. నస్రీన్ నేల మీద ఉంది, ఒకటో దశ. నా స్టాప్‌వాచ్ ముప్ఫై ఎనిమిదో సెకను దగ్గరుంది. వెనక తలుపు తెరుచుకుంది. ఇద్దరు పోలీసులు, కొట్టాయన, వాళ్ల ముందు ఖానుమ్.

ఆమె అరవలేదు. నేరుగా సెట్లోకి నడిచి, గుడ్డసంచితో భర్త పాత్ర నటుడి ముఖం మీద కొట్టింది. రెండోసారి కొట్టింది. అతను అంత పొడుగు మనిషి, చేతులు అడ్డం పెట్టుకుని వెనక్కి వెళ్లి కుర్చీ మీద పడ్డాడు. ఆమె నేల మీద కూలబడి కూతురి తలను ఒళ్లోకి లాక్కుంది. అరచేతికి ఎర్రరంగు అంటింది. అది చూసుకున్న ఖానుమ్ ముఖాన్ని నేను ఏ ఫొటోలోనూ పట్టలేదు, పట్టాల్సిన అవసరమూ రాలేదు. నా చేతిలో స్టాప్‌వాచ్ ఇంకా తిరుగుతూనే ఉంది. నేను దాన్ని ఆపింది ఆరు నిమిషాల పన్నెండో సెకనుకు.

ముందుగా తేరుకున్నది ఖాదర్. గిన్నెలో క్రీము, తడిగుడ్డ తీసుకుని ఖానుమ్ ముందు గొంతుక్కూర్చున్నాడు. "చూడమ్మా, చూడు" అని తెలుగులోనే అంటూ, నస్రీన్ బుగ్గ మీది గాయాన్ని అంచు నుంచి మెల్లగా ఒలిచాడు. రబ్బరులా ఊడి వచ్చింది. దాన్ని ఖానుమ్ అరచేతిలో పెట్టాడు. తర్వాత కన్ను తుడిచాడు, పెదవి తుడిచాడు. నాలుగు నిమిషాల్లో కింద అసలు ముఖం వచ్చింది. "తేనె మాదిరి ఉంటాది, నాకి చూడు" అని రక్తం సీసా చూపించాడు. పోలీసుల్లో పెద్ద ఆఫీసరు వేలు ముంచి చూసి, తీపి అని నవ్వాడు. కొట్టాయన తల పట్టుకున్నాడు. కుర్చీలోని నటుడు కూడా ముక్కు పట్టుకుని నవ్వాడు.

ఖానుమ్ ఒక్కతే నవ్వలేదు. ఎన్నేళ్ల నుంచి అని కూతుర్ని అడిగినట్టుంది. నస్రీన్ రెండు చేతుల వేళ్లూ ఒకసారి, మళ్లీ ఒకసారి చూపించింది. ఇరవై ఏళ్లు.

తర్వాత ఖానుమ్, ఏదీ చూపించు అందట. నేను మానిటర్ దగ్గర 6వ తేదీ టేపు పెట్టాను. ఐదో దశ, తరగతి గది, నాలుగు నిమిషాల పది సెకన్లు. టీచరు పిల్లలకు, ఉప్పు నీళ్లలో కరిగినంత మాత్రాన లేకుండా పోదని చెబుతుంది. ఖానుమ్ నిలబడే చూసింది. అయిపోయాక ఆమె అన్న మాటను నస్రీన్ నాకు ఇంగ్లీషులో చెప్పింది: "ఇదా నువ్వు దాచింది? దొంగతనం చేస్తున్నావేమోనని ఎన్నో ఏళ్లు భయపడ్డాను. లైబ్రరీలో పనిచేసేది ఒక్క పుస్తకం గురించైనా మాట్లాడదా?" ఆ మాట చెబుతూ నస్రీన్ నవ్వుతోంది, ముక్కు తుడుచుకుంటోంది. శుక్రవారం చెప్పాల్సింది బుధవారం మధ్యాహ్నం 12:15కే అయిపోయింది. అక్కడితో ఆగి ఉంటే ఈ జ్ఞాపకం యూనిట్లో చెప్పుకుని నవ్వుకునేదే.

ఆఫీసరుకు ఉర్దూ బాగా వచ్చు, మర్యాదస్తుడు. ఫిర్యాదు వచ్చింది కాబట్టి ముగించాలంటే ఫైల్లో ఏదో ఒక రుజువు పెట్టాలి, ఫొటోల్లోవి నిజం దెబ్బలు కావని ఎలా రాయను అని అడిగాడు. నేను లాగ్‌బుక్ తీశాను.

ఖాదర్ నా కొంగు పట్టి లాగాడు. "ఆపా, బుక్కు ఈయొద్దు. ఊడదీసి చూపిచ్చినా గదా, అది సాలు."

ఎందుకు అన్నాను. ఇందులో ప్రతి గాయం దశతో సహా రాసి ఉంది, ఐదు నిమిషాల్లో తేలిపోతుంది అన్నాను.

"ఆపా, నా మాటిను."

నేను వినలేదు. పుస్తకం తెరిచి ఆఫీసరు ముందు పెట్టి, ఒక్కొక్క ఫొటోకూ దాని వరుస వేలుతో చూపించాను. 15వ తేదీ, ఒకటో దశ, రంగు వేయడం మొదలు 6:10, పూర్తి 7:20. ఆయన శ్రద్ధగా చూశాడు. ఇంత నీటుగా రాసే మనిషి మా స్టేషన్లో ఉంటే బాగుండేది అన్నాడు. నాకు సంతోషం వేసింది. అది దాచను. తర్వాత ఆయన వేలు ముప్ఫై ఒకటో పుట అడుగున ఆగింది. అక్కడ నస్రీన్ పేరు, దాని ఎదురుగా నేను కూడి పెట్టిన మొత్తం: పనిదినాలు 9, సెట్ మీద 71 గంటల 35 నిమిషాలు.

ఈమె ఇక్కడ ఉద్యోగం చేస్తోందా అని అడిగాడు.

జవాబు ఆయన వేలి కిందే ఉంది. ముదీర్ ముందుకొచ్చి, పర్మిట్ పని నడుస్తోంది, నేడో రేపో అన్నాడు. ఆఫీసరు పాస్‌పోర్టు అడిగాడు. విజిట్ ముద్ర చూశాడు. నవ్వు పోయింది, మర్యాద పోలేదు. నేను చూడకపోయి ఉంటే వేరు, చూశాను, సంతకం చేసేది నేను అన్నాడు. పుస్తకం మూసి రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చాడు. ఆ ఒక్క పుట నకలు, ఆల్బమ్ మాత్రం తీసుకున్నాడు.

1:40కి నస్రీన్‌ను తీసుకెళ్లారు. ఇమిగ్రేషన్‌కు అప్పగించారు. అనుమతి లేకుండా పనిచేసినందుకు దేశం నుంచి పంపివేత, తిరిగి రాకుండా నిషేధం. కంపెనీ మీద కూడా కేసు పడింది, అది వాళ్లు చూసుకున్నారు. ఏం జరుగుతోందో ఖానుమ్‌కు కొట్టాయన చెప్పాడు. ఆమె ఆఫీసరు వెనకే నడుస్తూ, నేను అబద్ధం ఫిర్యాదు చేశాను, నన్ను పట్టుకోండి అంటూ పోయిందట. ఆమె చేతిలో ఆ రబ్బరు గాయం ఇంకా ఉంది.

మరునాడు, గురువారం 17వ తేదీ, విమానానికి ముందు తల్లి కలవడానికి నలభై నిమిషాలు ఇచ్చారు. గంగారాం బండిలో తీసుకెళ్లాడు. లోపలికి తల్లిని ఒక్కదాన్నే రానిచ్చారు. నేను బయట వ్యాన్‌లో కూర్చుని వాచీ వైపు చూస్తుంటే గంగారాం అన్నాడు: "మీరు జూడకుండ్రి అమ్మా. నేను జూస్త గడియారం."

ఖానుమ్ బయటికొచ్చాక, ఎంతసేపైంది అని అడిగాను.

"నలబై మూడు. ఆ మూడు ఎవలు లెక్కవెట్టలే."

ఖానుమ్ తిరుగు టికెట్ ముందుకు జరిపితే 21వ తేదీకి దొరికింది. అప్పటిదాకా మా ఇంట్లోనే ఉంది. 20వ తేదీ సాయంత్రం 4:33కి గోధుమ మొలకలు, అద్దం, వెల్లుల్లి, సిర్కా అనే వెనిగరు బల్ల మీద పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. నస్రీన్ న్యూయార్క్ నుంచి ఫోన్ చేసింది. లైన్ రెండుసార్లు తెగింది. ఫోన్ పెట్టేశాక ఖానుమ్ నాతో, నేనే నా పిల్లను పంపించేశాను అంది. అంతవరకు నాకు అర్థమైంది. పంపించింది ఆమె ఫిర్యాదు కాదు, ఫిర్యాదు అప్పటికే నవ్వుల్లో కలిసిపోయింది; పంపించింది నా ముప్ఫై ఒకటో పుట. ఆ సంగతి చెప్పలేదు. అంత ఫార్సీ నాకు రాదని నాకు నేను చెప్పుకున్నాను. ఉర్దూలో నాలుగు మాటలు సరిపోయేవి.

కంపెనీ వేరే నటిని తెచ్చి అన్నీ మొదటి నుంచి తీసింది. అలా మళ్లీ తీసినప్పుడు కూడా కంటిన్యుటీ నేనే చూశాను. నస్రీన్ తిరిగి వెళ్లి రంగస్థలం మీద ఆడింది. టెలివిజన్‌లో ఆమె తర్వాతి పాత్ర 'ఆసుపత్రి వరండాలో తల్లి' అని ఉత్తరం రాసింది. తల్లీకూతుళ్లు 2007లో ఇస్తాంబుల్‌లో కలుసుకోవాలనుకున్నారు. ఖానుమ్‌కు గుండె ఆపరేషను కావడంతో అది ఆగింది. 2008 ఫిబ్రవరిలో ఆమె షీరాజ్‌లో పోయింది. కబురు తెలిశాక నస్రీన్‌కు నేను ఉత్తరం రాసి, లాగ్‌బుక్ సంగతి, ఖాదర్ వద్దన్న సంగతి, నౌరోజ్ నాడు చెప్పకపోయిన సంగతి అన్నీ తేదీలతో రాశాను. ఆమె ఒక్క వాక్యం జవాబిచ్చింది. ఆ మాట అమ్మకు చెప్పి ఉండాల్సింది అని.

ఇందులో నేను నేర్చుకున్నది ఇది. రికార్డు సరిగ్గా ఉంచడం సగం పని. అడిగిన ప్రశ్నకు ఎంత చూపాలో అంతే చూపి పుస్తకం మూయడం మిగతా సగం. మద్రాసులో నాకు పని నేర్పినవాళ్లు మొదటి సగమే నేర్పారు. రెండో సగం పక్కనున్న మేకప్ మనిషికి తెలుసు. నేను అతని మాట వినలేదు. ఆ తర్వాత 2011లో రిటైరయ్యేదాకా పుటల అడుగున మొత్తాలు వేయలేదు.

పోయినవి: తీసిన పనిదినాలు పది. ఎడిటింగ్ అయిన టేపు నలభై తొమ్మిది నిమిషాలు. పేరున్న పాత్ర ఒకటి. తల్లీకూతుళ్లు కలిసి ఉండాల్సిన ఇరవై ఎనిమిది రోజుల్లో దక్కినవి మూడు రాత్రులు, నలభై మూడు నిమిషాలు, మిగిలినవన్నీ పోయినట్టే. నౌరోజ్ ఒకటి. ఏప్రిల్‌లో స్టేషన్ నుంచి ఆల్బమ్ తిరిగి వచ్చినప్పుడు లెక్క చూశాను. ఎనభై ఏడు ఫొటోల్లో ఎనభై ఆరున్నాయి. లేనిది మార్చి 6, ఉదయం 6:05, రంగు వేయకముందు తీసిన ముఖం. అది ఉన్నచోట పుట మీది జిగురు గోటితో జాగ్రత్తగా గీకి తీసినట్టుంది. స్టేషన్ రసీదులోనూ ఎనభై ఆరనే ఉంది; అంటే అది స్టేషన్‌కు వెళ్లకముందే, ఆల్బమ్ ఖానుమ్ చేతిలో ఉన్నప్పుడే పోయింది.